పాదం కుదరని ఎనిమోన్

(హైదరాబాదులో ఇళ్ళలో ఉప్పునీటి అక్వేరియంలు పెంచుకునేవాళ్ళు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్ళకి క్లౌన్ ఫిష్ తర్వాత మనసు పోయేది ఎనిమోన్ మీదికే, అంటే పువ్వులా విచ్చుకుని కనిపించే ఆ సముద్ర జంతువు మీదికే. ముచ్చటపడి తెచ్చుకుంటారు, ట్యాంకులో అందరికీ కనిపించే రాయి చూసి దాని మీద పెడతారు. సాయంత్రానికల్లా అది దొర్లి ఇసక మీద పడి ఉంటుంది. తీసి మళ్ళీ రాయి మీద పెడతారు. తెల్లారేసరికి ఇంకో మూల తేలుతూ ఉంటుంది. అప్పుడు ఫోన్ చేస్తారు. "అండీ, ఇది అతుక్కోవడం లేదు, దేంతో అతికించాలి?" అని. రబ్బరు బ్యాండు వేశామని కొందరు చెప్తారు. కోరల్, అంటే పగడం ముక్కలకి వాడే జిగురు దీనికీ వాడొచ్చా అని కొందరు అడుగుతారు. దయచేసి ఆ రెండూ వద్దు. ఎనిమోన్‌ని మనం అతికించలేం, అది తనంతట తనే పట్టుకోవాలి. పట్టుకోదగ్గ చోటు ఇవ్వడం, పట్టుకునేదాకా దాన్ని పంపుల బారిన పడకుండా కాపాడడం, మాటిమాటికీ చెయ్యి పెట్టకుండా ఉండడం, ఈ మూడే మన చేతిలో ఉన్నవి. ఇవాళ వీటి గురించే మాట్లాడతాను.

ముందు ఆ పాదం సంగతి. ఎనిమోన్‌కి ఎముక లేదు, పెంకు లేదు. నీళ్ళు నింపుకుని నిలబడే కండరాల తిత్తి అది. పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు, కింద గుండ్రటి పాదం. తిన్నా విసర్జించినా ఆ ఒక్క నోటితోనే. ఆ పాదంలోంచి జిగట పదార్థం ఊరుతుంది, పాదం కండరాలు రాయిని బిగించి పట్టుకుంటాయి. అదే కండరాలతో మెల్లిగా జరుగుతుంది కూడా. అంటే పట్టుకోవడం, వదిలేయడం రెండూ ఆ జంతువు చేసే పనులు. చల్లటి సముద్రాల్లో స్టోంఫియా అనే ఎనిమోన్ ఉంది. కొన్ని రకాల నక్షత్ర చేపలు తగిలితే చాలు, పాదం వదిలేసి ఒళ్ళు అటూ ఇటూ వంచుకుంటూ ఈదుకుని వెళ్ళిపోతుంది. కాలియాక్టిస్ అనేది రాయి మీది నుంచి సన్యాసి పీత మోసుకు తిరిగే గవ్వ మీదికి తనే ఎక్కేస్తుంది. మన ట్యాంకులో ఎనిమోన్ రాయి వదిలిందంటే దానికి ఏదో నచ్చలేదు, లేదా దానికి శక్తి లేదు. ఈ రెంటిలో ఏదో కనిపెట్టడమే అసలు పని.

విశాఖ వెళ్ళినప్పుడు పోటు తగ్గిన వేళ తీరం రాళ్ళ మధ్య నీటి గుంటల్లోకి వంగి చూడండి. చిన్న చిన్న ఎనిమోన్లు కనిపిస్తాయి. కొన్నిటి ఒంటికి గవ్వ ముక్కలు, ఇసక రేణువులు అంటుకుని ఉంటాయి. అంత అల కొట్టినా అవి కదలవు. ఎందుకంటే పాదం రాతి పగుల్లో ఉంటుంది, తల మాత్రమే బయటికి. ఒకటి పీకి ఇంటికి తెచ్చుకుందామన్న ఆలోచన మాత్రం రానీయకండి. బలంగా లాగితే పాదం చిరుగుతుంది. చిరిగిన పాదంతో వచ్చిన ఎనిమోన్‌కి చాలాసార్లు ఆ గాయం కుళ్ళి ప్రాణం మీదికి వస్తుంది. కొట్టులో కొనేటప్పుడూ ఇదే చూడాలి. అతను గాజు మీంచి దాన్ని తీసే తీరు చూడండి. గోటితో అంచు మెల్లిగా లేపుతూ, ఓపిగ్గా నీళ్ళు కొడుతూ తీస్తే మంచిదే. పట్టుకుని ఊడబెరికాడా, డబ్బులు వెనక్కి అడిగి వచ్చేయండి.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. నోరు ముడుచుకుని ఉండాలి, వెడల్పుగా తెరుచుకుని లోపలి పేగుల్లాంటివి బయటికి వస్తుంటే వద్దు. రంగు కూడా గమనించండి. తెల్లగా మెరిసిపోతుంటే అందం అనుకుంటాం. ఎనిమోన్ ఒంట్లో సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి, వెలుతురులో అవి తయారుచేసే ఆహారంతోనే ఇది చాలావరకూ బతుకుతుంది. గోధుమ రంగు వాటి నుంచే వస్తుంది. అచ్చ తెలుపు అంటే ఆ శైవలాలు పోయాయని అర్థం. మరీ ముదురు పసుపు, గులాబీ, నీలం రంగులో కనిపిస్తే రంగు వేసి అమ్ముతున్నారేమో అని అనుమానించండి. ఆకలితో నీరసించిన జంతువుకి పాదం బిగించే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మీ దగ్గరున్నది ఏ ఎనిమోన్? ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా ఎక్కడ పెట్టాలో చెప్పడం కుదరదు. క్లౌన్ ఫిష్ కాపురం చేసే ఎనిమోన్లు పది రకాలని పరిశోధకులు లెక్క చెప్తూ వచ్చారు. వాటి ఇళ్ళు ఒకలా ఉండవు.

మన చేతికి ఎక్కువగా వచ్చేది బబుల్ టిప్, శాస్త్రీయ నామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. ఇది రాతి బొరియలో ఉండే జీవి. పాదాన్ని చీకట్లోకి, లోతుగా దాచుకుని తలని వెలుతురులోకి చాస్తుంది. దీన్ని చదునైన రాయి నెత్తిన పెడితే ఎందుకు నిలుస్తుంది? పాదం దాచుకునే చోటే లేదక్కడ. మనం పెట్టే చోటులో రెండు వేళ్ళు పట్టేంత పగులో కన్నమో ఉండాలి, దాని నోటి దగ్గర వెలుతురు పడాలి.

కార్పెట్ ఎనిమోన్లలో స్టైకోడాక్టైలా హడ్డోనీది వేరే తీరు. ఇది ఇసకలో ఉంటుంది. మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి వైపు ఇది దొరుకుతుంది, దీంట్లో సెబే క్లౌన్ అనే రకం క్లౌన్ ఫిష్ ఉంటుంది. కాండం మొత్తం ఇసకలో పాతుకుని, అడుగున ఏదో గట్టి వస్తువుకి పాదం ఆనించుకుని, చాపలాంటి ముఖాన్ని ఇసక మీద పరుస్తుంది. బెదిరితే మొత్తంగా ఇసకలోకి ముడుచుకుపోతుంది. మీ ట్యాంకులో రెండు వేళ్ళ మందాన ఇసక పోసి, దీన్ని రాయి మీద పెట్టి, నిలవడం లేదంటే ఆ తప్పు ఎనిమోన్‌ది కాదు. 10 సెంటీమీటర్ల దాకా ఇసక కావాలి. రాయి మొదట్లో చిన్న గొయ్యి తీసి, పాదం అందులో దించి, చుట్టూ ఇసక వదులుగా సర్దాలి. అడుగు గాజు దొరికినా దానికి పట్టుకుంటుంది. లెదర్ ఎనిమోన్, అదే మనం సెబే ఎనిమోన్ అని కొనేది, పొడవాటి స్పర్శకాల మాక్రోడాక్టైలా, ఇవి కూడా ఇసక వైపువే.

మాగ్నిఫికా అనే ఎనిమోన్ సంగతి వేరు. అది రాయి శిఖరానికి ఎక్కుతుంది, కళ్ళు చెదిరే వెలుతురు, బలమైన ప్రవాహం కోరుతుంది. తిరుగుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దని నా గట్టి అభిప్రాయం. ఎంత అందంగా ఉన్నా సరే.

రాళ్ళ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. రాతి పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలో కొట్టి తెచ్చిన పగడపు రాయి ఎవరు అమ్మినా కొనకండి. ఎనిమోన్ పాదానికి కావలసింది గరుకుదనం, లోతు. కాల్చిన మట్టితోనో సిమెంటుతోనో చేసిన కన్నాల రాయి అయినా సరిపోతుంది. రంగు వేయని, మెరుపు పూత లేని చిన్న మట్టి కుండీ కూడా పనికొస్తుంది. కడిగి, నానబెట్టి, ట్యాంకులో వాలుగా పడుకోబెట్టండి. బబుల్ టిప్‌కి అది ఇష్టమైన గూడు.

(సభలో ఒకరు: "ట్యాంకు పెట్టి నెల అయింది, ఇప్పుడు పెట్టొచ్చా?")

ఆగండి, దయచేసి ఆగండి. అమోనియా, నైట్రైట్ సున్నా చూపిస్తే చేపకి చాలు, ఎనిమోన్‌కి చాలదు. కొత్త ట్యాంకులో ఉప్పు, పీహెచ్, ఆల్కలినిటీ వారానికోలా ఊగుతుంటాయి. ఎనిమోన్ ఒంట్లోని నీటి ఉప్పదనం బయటి నీటి ఉప్పదనంతో పాటే మారుతుంది. చేపకున్నట్టు దాన్ని సరిచేసుకునే ఏర్పాటు దానికి లేదు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది నడిచిన ట్యాంకులోనే పెట్టండి. సాంద్రత, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, నైట్రేట్ 10 పీపీఎం చుట్టుపక్కల. అంకెల కంటే కూడా అవి కదలకుండా ఉండడం ముఖ్యం.

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఇది చాలా కష్టం. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేనివాళ్ళు నీటి మీదికి ఫ్యాను పెడతారు. వేడి తగ్గుతుంది, కానీ నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. రెండు మూడు రోజులు ఆర్‌ఓ నీళ్ళు కలపడం మరిచిపోతే సాంద్రత పైకి పోతుంది. గుర్తొచ్చి ఒకేసారి బకెట్టు మంచినీళ్ళు దిమ్మరిస్తే కిందికి పడుతుంది. అంతవరకూ కుదురుగా ఉన్న ఎనిమోన్ కూడా ఆ దెబ్బకి రాయి వదిలి నడక మొదలుపెడుతుంది. ఎనిమోన్ కోసం డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు ఆటోమేటిక్‌గా నీళ్ళు కలిపే ఏర్పాటు మీద పెట్టండి.

ఇంకొకటి, రాగి. చేపల జబ్బులకి రాగి మందు వాడిన ట్యాంకు, ఆ రాళ్ళు, ఆ ఇసక ఎనిమోన్‌కి విషం. వెన్నెముక లేని చాలా జీవులకి అంతే. సెకండ్ హ్యాండు ట్యాంకు కొన్నవాళ్ళు రాళ్ళతో సహా తెచ్చుకుంటే, దాని చరిత్ర అడిగి తెలుసుకోండి.

సరే, అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఎనిమోన్ ఇంటికొచ్చింది. సంచిలో నీటి సాంద్రత కొలవండి. చేపల ట్యాంకుల్లో కొట్టువాళ్ళు ఉప్పు తక్కువగా ఉంచుతారు, కాబట్టి తేడా ఉండే అవకాశం ఎక్కువ. సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా మీ ట్యాంకు నీళ్ళు కలుపుతూ గంట, తేడా పెద్దదైతే ఇంకాసేపు. తర్వాత ఎనిమోన్‌ని మాత్రమే తీసుకోండి, సంచి నీళ్ళు పారబోయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. కుట్టే కణాలు కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి, ఆ చేత్తో కన్ను నులుముకున్నారంటే ఇంకా ప్రమాదం.

ట్యాంకులో పెట్టే ముందే పంపుల పని పూర్తి చేయాలి. ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే పట్టు దొరకని ఎనిమోన్లు చాలావరకూ జబ్బుతో పోవు, నీళ్ళలో అలలు పుట్టించే పంపులో, అదే వేవ్‌మేకర్లో పడి తరిగిపోతాయి. ప్రతి వేవ్‌మేకర్‌కీ స్పాంజి తొడుగు గానీ సన్నటి ప్లాస్టిక్ జాలీ గానీ వేయండి. నీళ్ళు ట్యాంకులోంచి బయటికి పొర్లే ఓవర్‌ఫ్లో పళ్ళకీ జాలీ కట్టండి. హీటర్ ట్యాంకులో ఉంటే దాన్ని సంప్‌లోకి, అంటే ఆ పొర్లిన నీళ్ళు చేరే వేరే తొట్టెలోకి మార్చండి, లేదంటే గార్డు తొడగండి. ఎనిమోన్ దానికి అతుక్కుని కాలిపోతుంది. మనకి ఇంకో ఇబ్బంది కరెంటు కోత. కరెంటు పోయినప్పుడు నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి, ఎనిమోన్ మెల్లిగా పంపు ముందుకి జారుతుంది. కరెంటు రాగానే పంపు పూర్తి వేగంతో లేస్తుంది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం పూట ఇలా జరిగితే సాయంత్రానికి ట్యాంకు మొత్తం పాడవుతుంది. తొడుగులు ఒక్కసారి వేసి వదిలేయకండి. స్పాంజి రెండు రోజుల్లో మడ్డి పట్టి ప్రవాహం తగ్గిస్తుంది, తీసి పిండి మళ్ళీ వేయండి.

ఇప్పుడు పెట్టడం. లైటు బాగా తగ్గించండి, నీలం ఒక్కటే ఉంచినా చాలు. వేవ్‌మేకర్లు ఆపండి. ఎయిర్ స్టోన్ ఒకటి వేయండి, ప్రాణవాయువు తగ్గకుండా. ఎనిమోన్ ఏ వైపు పాదమో ముందు చూసుకోండి. ముడుచుకుపోయినప్పుడు తెలియదు, చాలామంది తలకిందులుగా పెట్టేస్తారు. స్పర్శకాలు లేని నున్నటి గుండ్రటి వైపు పాదం. దాన్ని మీరు ఎంచుకున్న కన్నంలోకి దించి, అరచేతిని అడ్డంగా ఉంచి కాసేపు ఊరికే ఉండండి. నొక్కొద్దు. అదృష్టం బాగుంటే పది పదిహేను నిమిషాల్లో పాదం అంచులు రాతికి ఆనడం కంటికి కనిపిస్తుంది. ఆనాక గంటసేపు నిశ్చలంగా ఉంచి, ఆ తర్వాత ప్రవాహం కొద్దికొద్దిగా పెంచండి. రాత్రంతా పంపులు ఆపి పడుకోవద్దు. ఎనిమోన్ కోసం చేపల ఊపిరి తీసినట్టవుతుంది.

అయినా పట్టుకోలేదు, దొర్లుతోంది. అప్పుడు బుట్ట పద్ధతి. కూరగాయలు కడిగే కన్నాల ప్లాస్టిక్ బుట్ట కొత్తది ఒకటి తీసుకోండి. అడుగున కొన్ని గరుకు రాతి ముక్కలు పరవండి, పిడికిలంత సైజువి. ఎనిమోన్‌ని పాదం కిందికి వచ్చేలా వాటి మధ్యలో ఉంచండి. ట్యాంకులో ప్రవాహం మెల్లగా తగిలే చోట, మధ్యస్థంగా వెలుతురు పడే చోట బుట్టని ఆనించండి. పైన జాలీ కప్పండి. ఇక పంపు భయం లేదు, చేప వచ్చి పొడుస్తుందన్న భయం లేదు. నీళ్ళు ఆడుతుంటాయి. తనకి ఓపిక వచ్చినప్పుడు ఏదో ఒక ముక్కని పట్టుకుంటుంది. కొన్ని కొద్ది గంటల్లో పట్టుకుంటాయి, కొన్నిటికి చాలా రోజులు పడుతుంది. పట్టుకున్నాక ఎనిమోన్‌ని ఆ రాయి నుంచి వేరు చేయకండి. ఆ రాతి ముక్కతో సహా ఎత్తి, మీరు కావాలనుకున్న కన్నం ముందు ఉంచండి. నచ్చితే తనే ముక్క మీంచి పెద్ద రాతిలోకి జారుకుంటుంది. ఇన్ని ఉపాయాల్లో నేను మనస్ఫూర్తిగా నమ్మేది ఇదే. దీంట్లో మనం దాని పాదాన్ని ముట్టుకోము.

పట్టుకుందో లేదో తెలుసుకోవడానికి లాగి చూడొద్దు. దూరం నుంచి చేత్తో నీళ్ళు మెల్లిగా ఊపండి. ఒళ్ళు ఊగి పాదం నిలిస్తే పట్టుకున్నట్టే.

కుదురుకోని రోజుల్లో మేత పెట్టకండి. అందరికీ ఇది కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. నీరసంగా ఉంది కదా, రొయ్య ముక్క పెడితే బలం వస్తుందని అనిపిస్తుంది. ఒత్తిడిలో ఉన్న ఎనిమోన్ దాన్ని అరిగించుకోలేదు, కక్కేస్తుంది. లోపలే కుళ్ళినా ప్రమాదమే. పాదం ఆని, స్పర్శకాలు సాగి, వేలికి జిగటగా తగులుతున్నాయంటే అప్పుడు మొదలుపెట్టండి. గోరంత పచ్చి రొయ్య ముక్క, ఉప్పూ మందులూ తగలనిది, వారానికి ఒకటి రెండుసార్లు. తెల్లబడ్డ ఎనిమోన్‌కి ఇంకా చిన్న ముక్కలు, ఇంకాస్త తరచుగా. లైటు కూడా రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచుతూ రెండు మూడు వారాల్లో మామూలుకి తీసుకురండి.

(సభలో ఒకరు: "పట్టుకుంది, కానీ రోజూ చోటు మారుతోంది. వెనక్కి తెచ్చి పెట్టాలా?")

వద్దమ్మా. పాదం మీద నడుస్తున్నంతసేపూ అది ఆరోగ్యంగా వెతుక్కుంటోందని అర్థం. అది వెళ్ళే దిక్కు చూడండి. పైకి పైకి, లైటు దగ్గరికి ఎక్కుతుంటే వెలుతురు చాలడం లేదు. రాయి వెనక్కి, నీడలోకి పోతుంటే వెలుతురు ఎక్కువైంది, లేదా ఉన్నట్టుండి పెరిగింది. ప్రవాహం నేరుగా మొహానికి కొడుతుంటే పక్కకి తప్పుకుంటుంది. ముందు గాజు మీద వచ్చి కూర్చుందంటే మీ రాళ్ళలో దానికి తగ్గ కన్నం లేదేమో చూడండి. మీరు వేవ్‌మేకర్ మొహం తిప్పండి, లైటు సర్దండి, దాన్ని మాత్రం కదపకండి. అది ఎంచుకున్న చోట పక్కన కోరల్ ఉంటే కోరల్‌ని జరపండి. కోరల్ జరపడం తేలిక, ఎనిమోన్‌ని జరపడం కష్టం.

తప్పనిసరిగా తీయాల్సి వస్తే, అంటే హీటర్ మీదో ఓవర్‌ఫ్లో లోపలో పట్టుకుంటే, చిన్న పంపుతో పాదం అంచుకి నీళ్ళు కొడుతూ ఉండండి. ఆర్‌ఓ నీళ్ళ ఐసు ముక్క పాదం దగ్గర రాతికి ఆనించినా కొన్నిసార్లు వదులుతుంది. గోటితో అంచు చుట్టూ మెల్లిగా. గంట పట్టినా పట్టనివ్వండి.

క్లౌన్ ఫిష్ విషయం. ఆ చేప ఉంటేనే ఎనిమోన్ కుదురుకుంటుందని ఒక నమ్మకం ఉంది. కుదురుకున్నాక చేప వల్ల మేలే, తిండి ముక్కలు తెస్తుంది, పొడిచే చేపల్ని తరుముతుంది. కానీ పాదం ఆనని చిన్న ఎనిమోన్ మీద పెద్ద మెరూన్ క్లౌనో టొమాటో క్లౌనో పడి పొర్లిందంటే దానికి ఊపిరాడదు, తెరుచుకోనే తెరుచుకోదు. ఆ కొన్నాళ్ళూ మధ్యలో జాలీ అడ్డం పెట్టండి. క్లౌన్ చేపలు మటుకు హేచరీలో పుట్టినవే కొనండి. తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాటిని పెంచే పద్ధతి మన దేశంలోనే సాధించారు. సముద్రం నుంచి పట్టాల్సిన అవసరం లేదు.

ఓపిక పట్టండి అని ఇన్నిసార్లు అంటున్నాను కదా, ఈ జీవి ఆయుష్షు ఎంతో వింటే మీకూ ఓపిక వస్తుంది. 1828లో స్కాట్లాండులో నార్త్ బెరిక్ తీరాన సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒక ఎర్ర ఎనిమోన్‌ని తెచ్చి గాజు జాడీలో పెట్టుకున్నాడు. ఆయన పోయాక చేతులు మారుతూ అది బతికింది. గ్రానీ అని పేరు పెట్టారు. 1887లో చనిపోయింది. ఎల్‌ఈడీ లేదు, నీటి మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్ లేదు, సముద్రపు నీళ్ళు మార్చేవాళ్ళు, అంతే. ఓర్చుకునే రకం అది, మన ఉష్ణమండలపు ఎనిమోన్లతో పోల్చడానికి లేదు. అయినా సరిగ్గా చూసుకునే చేతుల్లో ఎనిమోన్ మనిషి జీవితమంత కాలం బతకగలదని అది చూపించింది. అలాంటి దానికి కుదురుకోవడానికి పది రోజులు ఇవ్వలేమా?

ఎప్పుడు ఆశ వదులుకోవాలి, అదీ చెప్పాలి. ముడుచుకుపోయినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. పాత నీళ్ళు, గోధుమ రంగు మలినం కక్కేయడానికి అప్పుడప్పుడూ పూర్తిగా కుంచించుకుపోతుంది, కొన్ని గంటల్లోనో మర్నాటికో మళ్ళీ తేరుకుంటుంది. కానీ నోరు తెరుచుకుని మూసుకోకపోతే, ఒళ్ళు పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో కలుస్తుంటే, బయటికి తీస్తే కుళ్ళు వాసన వస్తే, ఇక ఉంచకండి. పెద్ద ఎనిమోన్ ఒకటి కరిగిపోతే అమోనియా ఒక్క రాత్రిలో లేచి మిగతా ట్యాంకుని కూడా తీసుకుపోతుంది. తీసేసి, మూడోవంతు నీళ్ళు మార్చి, మలినాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. పంపులో తరిగిపోయినా ఇదే చేయాలి, ఇంకా తొందరగా.

(సభలో ఒకరు: "మాది కుదురుకుని చాలా నెలలైంది. నిన్న రెండుగా చీలింది. ఇది జబ్బా?")

బబుల్ టిప్పేనా? అయితే జబ్బు కాదు, అది అలాగే పిల్లల్ని పెడుతుంది, నిలువునా చీలి. బాగా తిని పెరిగినప్పుడు చీలుతుంది, ఒక్కోసారి నీళ్ళు పాడైనప్పుడు కూడా చీలుతుంది. ఉప్పు, వేడి, నైట్రేట్ కొలిచి చూడండి. చీలిన పక్క మానేదాకా రెంటికీ మేత వద్దు. వాటిలో ఒకటి ఇప్పుడు కొత్త చోటు వెతుక్కుంటూ నడుస్తుంది. వేవ్‌మేకర్ తొడుగులు తీసేసి ఉంటే ఇంటికెళ్ళగానే మళ్ళీ వేయండి.